పాత ఆర్కేడ్ ఆటలు ఇంటి టీవీ మీద: ఫైలు, ఆలస్యం, ఆకారం

1980ల, 90ల ఆర్కేడ్ ఆటలు నడపడానికి బలమైన కంప్యూటర్ అక్కర్లేదు. పదేళ్ల నాటి కోర్ ఐ3 ల్యాప్‌టాప్ సరిపోతుంది, రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ సరిపోతుంది, మధ్యరకం ఫోనైనా సరే. అయినా చాలామందికి మొదటిరోజే చిరాకు పుడుతుంది. ఆట తెరుచుకోదు. తెరుచుకుంటే బటన్ నొక్కాక కాసేపటికి గానీ దెబ్బ పడదు. దెబ్బ పడినా బొమ్మలు పొట్టిగా, లావుగా సాగిపోయి ఉంటాయి. ఈ మూడు జబ్బులకూ యంత్రం శక్తితో పని లేదు. ఫైలుకూ ఎమ్యులేటర్‌కూ (పాత ఆట యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్), ఆటకూ టీవీకీ పొంతన కుదరకపోవడమే వీటికి మూలం. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఆ పొంతన చూసుకోవాలి.

ముందు, కొనుక్కుని ఆడగలిగినవి

ఎమ్యులేటర్ జోలికి పోకుండానే ఆడుకునే ఆటలు ఇప్పుడు చాలా ఉన్నాయి. తొందరగా ఆడాలనుకునేవారికి ఇదే మంచి దారి.

క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం 2021లో వచ్చింది. పీసీ, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, నింటెండో స్విచ్ అన్నిట్లో ఉంది. ఫైనల్ ఫైట్, స్ట్రీట్ ఫైటర్ 2, కెప్టెన్ కమాండో, వారియర్స్ ఆఫ్ ఫేట్ ఇందులోవే. మూల యాప్ ఉచితం, దాంతో 1943 ఆట కూడా ఉచితంగానే వస్తుంది. కాబట్టి ముందు దాన్ని దించుకుని మీ టీవీలో, మీ కంట్రోలర్‌తో ఎలా ఉందో చూసి, నచ్చాకే మిగతావి కొనవచ్చు. గుంపుగా కొట్లాడే ఆటలే కావాలంటే 2018 నాటి క్యాప్‌కామ్ బీటెమప్ బండిల్ చూడండి. ఏడు ఆటలున్నాయి, నైట్స్ ఆఫ్ ద రౌండ్ కూడా అందులోదే. పాక్‌మ్యాన్ కుటుంబానికి 2022లో వచ్చిన పాక్‌మ్యాన్ మ్యూజియం ప్లస్ ఉంది. మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ లాంటి, నియోజియో అనే ఆర్కేడ్ యంత్రం ఆటలను హామ్‌స్టర్ అనే జపాన్ కంపెనీ ఒక్కొక్కటిగా అమ్ముతోంది, ఫోన్లకు కూడా. ఈ కంపెనీ ఆటలు హంగులు లేకుండా ఉంటాయి గానీ నకలు నాణ్యత నమ్మదగింది. ఐదు నిమిషాల్లో ఎంత స్కోరు కొట్టగలరో చూసే క్యారవాన్ మోడ్ ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటవుతాయి.

మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో కుర్రాళ్లు ఎక్కువగా అడిగిన ఆట మాత్రం ఈ జాబితాల్లో కనపడదు. అదే ముస్తఫా గేమ్. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తీసింది. నలుగురు పాత్రల్లో ముస్తఫా కైరో ఒకడు. జెనోజోయిక్ టేల్స్ అనే అమెరికన్ కామిక్ ఆధారంగా చేసిన ఆట కాబట్టి హక్కులు క్యాప్‌కామ్ ఒక్కదాని చేతిలో లేవు. క్యాప్‌కామ్ సంకలనాల్లో వేటిలోనూ అది రాలేదు. దాని పేరుతో దొరికే ఫోన్ యాప్‌లు చాలావరకు ఎవరో ఎమ్యులేటర్‌కు ఆటను అతికించి, ప్రకటనలు కూరి పెట్టినవే. కొన్ని ఫోన్‌బుక్, ఎస్సెమ్మెస్ అనుమతులు కూడా అడుగుతాయి. ఆటకు మీ ఫోన్‌బుక్‌తో ఏం పని? అలాంటిది వేసుకోకండి. అదే ఊపున్న ఆట కావాలంటే 2024లో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్‌లోని ద పనిషర్ చూడండి. అదీ 1993దే, అదే బోర్డు మీద నడిచిందే.

చట్టం సంగతి ఒక్క మాట. ఆర్కేడ్ బోర్డులోని చిప్‌లలో ఉండేది కంప్యూటర్ ప్రోగ్రామ్, దానికి 1957 కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా నెట్‌లోంచి దించుకోవడం ఉల్లంఘన కిందికే వస్తుంది. చట్టబద్ధంగా ఒక ప్రతి కలిగి ఉన్నవారు బ్యాకప్ కాపీ తీసుకోవడానికి 52వ సెక్షన్ వీలిస్తుంది. ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ వరకు ఏ ఇబ్బందీ లేదు. హక్కుదారులే వదిలేసిన ఆటలు కొన్ని మేమ్ అనే ఎమ్యులేటర్ సొంత సైటులోనే ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడకూడదు అంతే. రాబీ రోటో, స్టార్ ఫైర్, టార్గ్ వాటిలో కొన్ని. కింద చెప్పే అమరిక అంతా ముందు రాబీ రోటోతో సరిచూసుకోండి. అది నడిచిందంటే మీ అమరికలో లోపం లేనట్టే. తర్వాత ఏ ఆట మొరాయించినా తప్పు ఆ ఆట ఫైలులో వెతకాలి.

ఏ పెట్టె, ఏ ప్రోగ్రామ్

మేమ్‌ను ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టాడు. బోర్డు మీది ప్రతి చిప్‌నూ యథాతథంగా అనుకరించడం దాని లక్ష్యం. వేగం దానికి రెండోది. ఫైనల్‌బర్న్ నియో మరో ఎమ్యులేటర్, ఆటలు ఆడుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నది. తేలిక, క్యాప్‌కామ్, నియోజియో ఆటలకు చక్కగా పనిచేస్తుంది. రెట్రోఆర్క్ ఎమ్యులేటర్ కాదు, చట్రం. లోపల ఫైనల్‌బర్న్ నియో, మేమ్ వంటివాటిని కోర్‌లుగా ఎక్కించుకుంటుంది. ఆలస్యం తగ్గించే సాధనాలు, పాత టీవీ తెరలా చూపించే షేడర్లు ఇందులోనే బాగున్నాయి.

విండోస్ పీసీ ఉంటే రెట్రోఆర్క్, ఫైనల్‌బర్న్ నియో కోర్‌తో మొదలుపెట్టండి. ఆండ్రాయిడ్‌కూ అదే. ఐఫోన్‌లో 2024 వరకు అధికారిక దారి లేదు. ఆ ఏడాది ఆపిల్ ఎమ్యులేటర్లను అనుమతించాక రెట్రోఆర్క్ యాప్ స్టోర్‌లోకే వచ్చింది.

టీవీ కింద శాశ్వతంగా ఉండే పెట్టె కావాలంటే రాస్ప్‌బెరీ పై 4 లేదా 5, లేదా మూలన పడేసిన పాత పీసీ తీసుకుని బటోసెరా అనే, పాత ఆటల కోసమే తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. పాత పీసీయే మేలు, ఇంట్లో ఉందంటే ఖర్చు సున్నా. పనివరస ఇదీ. కనీసం 32 జీబీ పెన్‌డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ తీసుకోండి. మీ యంత్రానికి తగిన బటోసెరా ఇమేజ్ దించుకుని బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో దానిమీద రాయండి. రాసేముందు ఏ డ్రైవ్ ఎంచుకున్నారో రెండుసార్లు చూసుకోండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. పీసీ అయితే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. లోపలి హార్డ్‌డిస్క్‌లోని విండోస్‌ను అది ముట్టుకోదు. వైఫై కలిపితే ఇంటి నెట్‌వర్క్‌లో బటోసెరా ఒక ఫోల్డర్‌లా కనపడుతుంది. అందులో రోమ్స్ కింద ప్రతి ఎమ్యులేటర్‌కూ వేరే ఫోల్డర్ ఉంటుంది. ఏ ఎమ్యులేటర్ ఫైలును ఆ ఫోల్డర్‌లోనే వేయాలి. ఫైనల్‌బర్న్‌ది మేమ్ ఫోల్డర్‌లో వేసి, నడవలేదని వాపోయేవారు చాలామంది.

రాస్ప్‌బెరీ పై వాడేవారికి కరెంటు గురించి హెచ్చరిక. పై 4కు 5 వోల్టులు 3 ఆంపియర్లు, పై 5కు 5 వోల్టులు 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. ఫోన్ ఛార్జర్ పెడితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. అది కనపడిందంటే చాలినంత వోల్టేజీ రావడం లేదని అర్థం, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. వేడి 80 డిగ్రీలు దాటినా అదే పని చేస్తుంది. మే నెలలో గాలాడని చెక్క డబ్బాలో పెడితే ఆట మధ్యలో మందగించేది ఇందుకే. చిన్న ఫ్యాన్ పెట్టండి. ఇంకోటి, స్విచ్ నొక్కి ఆర్పేయకుండా మెనూలోంచి షట్‌డౌన్ చేయండి. కార్డు మీద ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. కోతలు ఎక్కువుండే చోట వైఫై రూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఆదుకోదు, వాటిలో ఎక్కువ భాగం 12 వోల్టులవి. 5 వోల్టుల్లో తగినన్ని ఆంపియర్లు ఇచ్చేదే కావాలి.

రోమ్ ఫైలు ఎందుకు తెరుచుకోదు

వచ్చే ఇబ్బందుల్లో సగం పైగా ఇక్కడివే, అందుకే కాస్త నెమ్మదిగా చదవండి.

రోమ్ ఫైలు అంటే పాటల ఫైలులాంటి ఒకే ముక్క కాదు. అసలు బోర్డు మీద పది ఇరవై చిప్‌లు ఉంటే ఒక్కో చిప్‌లోని సమాచారం ఒక్కో ఫైలు. అవన్నీ కలిపి ఒక జిప్. ఏ చిప్ ఫైలు ఏ పేరుతో, ఎంత పరిమాణంలో, ఏ చెక్‌సమ్‌తో (ఫైలు సరైనదో కాదో తేల్చే సంఖ్య) ఉండాలో ఎమ్యులేటర్ లోపల జాబితా ఉంటుంది. అందుకే రెండు నియమాలు. జిప్ విప్పకూడదు. జిప్ పేరు మార్చకూడదు. ఆట పేరు అందంగా కనపడాలని ఫైలుకు పూర్తి పేరు పెట్టారా, ఎమ్యులేటర్ దాన్ని గుర్తుపట్టదు. పొట్టి పేర్లు వికారంగా ఉన్నా అలాగే ఉంచాలి. అందమైన పేరు మెనూలో అదే చూపిస్తుంది.

ఆ జాబితా కాలంతో మారుతుంది. మేమ్ దాదాపు నెలకొక వెర్షన్ వస్తుంది. పాత చిప్‌ను మళ్లీ సరిగ్గా చదివినప్పుడు, ఇదివరకు వదిలేసిన రక్షణ చిప్ దొరికినప్పుడు, ఆ ఆటకు కావలసిన ఫైళ్లు మారతాయి. నిన్నటి జిప్ నేటి వెర్షన్‌లో అసంపూర్ణం అవుతుంది. ముస్తఫా, పనిషర్ తరం ఆటల్లో క్యూసౌండ్ అనే శబ్దం చిప్ ఉంది. కొత్త మేమ్‌లకు ఆ చిప్ ఫైలు విడిగా, తన సొంత జిప్‌గా కావాలి. పాత మేమ్‌లకు అక్కర్లేదు. ఆట ఫైలు సరిగ్గానే ఉన్నా ఇది లేక ఆగిపోయే సందర్భాలు చాలా ఎక్కువ.

రెట్రోఆర్క్‌లో మేమ్ 2003, మేమ్ 2003 ప్లస్, మేమ్ 2010 అని రకరకాల కోర్‌లు ఉండడం కూడా ఇందుకే. మేమ్ 2003 అంటే 0.78 వెర్షన్ జాబితా, 2010 అంటే 0.139. ప్లస్‌కు దాని సొంత జాబితా. ఫైనల్‌బర్న్ నియోకు వేరే. ఒకదాని జిప్ మరోదానిలో నడిస్తే అదృష్టం అనుకోండి, దానిమీద ఆధారపడకండి. పైన చెప్పినట్టు ముందు కోర్ నిర్ణయించుకుని, దానికి సరిపడే సెట్‌ను మాత్రమే ఉంచుకోండి.

ఆట తెరవనప్పుడు మేమ్ ఊరకే మూసుకోదు, ఏం లేదో రాసి చూపిస్తుంది. నాట్ ఫౌండ్ అంటే ఆ చిప్ ఫైలు అసలు లేదు. రాంగ్ చెక్‌సమ్స్ అంటే ఉంది గానీ వేరే వెర్షన్‌ది, లేదా దించేటప్పుడు పాడైంది. నాట్ ఫౌండ్ పక్కన ట్రైడ్ ఇన్ అంటూ ఒకటో రెండో పేర్లు ఉంటాయి. అవే అసలు ఆచూకీ. అక్కడ నియోజియో అని ఉంటే ఆ యంత్రపు బయోస్ (యంత్రాన్ని లేపే మూల ప్రోగ్రామ్) జిప్ లేదని అర్థం. దాన్ని తెచ్చి ఆటల ఫోల్డర్‌లోనే పెట్టాలి, విప్పకుండా. అక్కడ వేరే ఆట పేరు ఉంటే మీ దగ్గరున్నది క్లోన్, దాని పేరెంట్ లేదని అర్థం.

పేరెంట్, క్లోన్ అంటే: ఒకే ఆటకు ప్రపంచానికి ఒకటి, జపాన్‌కు ఒకటి, అమెరికాకు ఒకటి అంటూ వెర్షన్లు ఉంటాయి. ఒకదాన్ని పేరెంట్ అంటారు, మిగతావి క్లోన్‌లు. స్ప్లిట్ పద్ధతిలో సర్దిన సెట్‌లో క్లోన్ జిప్‌లో తేడా ఉన్న చిప్‌లు మాత్రమే ఉంటాయి, మిగతావి పేరెంట్ జిప్‌లోంచి తీసుకుంటుంది. మెర్జ్‌డ్ పద్ధతిలో అన్నీ ఒకే జిప్‌లో. నాన్‌మెర్జ్‌డ్‌లో ఒక్కో జిప్‌లో ఆ వెర్షన్‌కు కావలసిన చిప్‌లన్నీ ఉంటాయి. పది ఇరవై ఆటలే ఉంచుకునేవారికి నాన్‌మెర్జ్‌డ్ తలనొప్పి లేనిది. జాగా కొంచెం ఎక్కువ తింటుంది, ఇప్పటి డిస్కులకు అదొక లెక్క కాదు. అందులోనూ నియోజియో బయోస్, క్యూసౌండ్ లాంటి ఉమ్మడి జిప్‌లు విడిగా కావలసి రావచ్చు. ఉన్న ఫైళ్లు ఏ వెర్షన్‌కు సరిపోతాయో చెప్పి, తిరిగి సర్దిపెట్టే రోమ్‌వాల్ట్, సీఎల్ఆర్‌మేమ్‌ప్రో అనే ప్రోగ్రాములు ఉన్నాయి. ఎమ్యులేటర్ జాబితాను డ్యాట్ ఫైలు రూపంలో వాటికి ఇస్తే చాలు.

1994 నాటి కిల్లర్ ఇన్‌స్టింక్ట్ లాంటి కొన్ని ఆటలకు బోర్డుతో పాటు హార్డ్‌డిస్క్ కూడా ఉండేది. ఆ డిస్కు నకలు సీహెచ్‌డీ ఫైలుగా వస్తుంది. రోమ్స్ ఫోల్డర్‌లో ఆట పొట్టి పేరుతోనే ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. దీన్ని మాత్రం జిప్ చేయకూడదు.

ఆలస్యం

ఆటగాడు బటన్ నొక్కిన దగ్గర్నుంచి తెర మీద కదలిక వచ్చేదాకా పట్టే సమయం ఇది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. కొన్ని ఫ్రేముల ఆలస్యం అసలు యంత్రంలోనే ఉంటుంది. ఇంట్లో దాని మీద టీవీ, కంట్రోలర్, ఎమ్యులేటర్ తలా కొంత చేరుస్తాయి. నియమం ఏంటంటే, పెద్ద దొంగను ముందు పట్టుకోవాలి, అది దాదాపు ఎప్పుడూ టీవీయే.

బొమ్మను నునుపు చేసే, కదలికను సాగదీసే పనులన్నీ ఆన్‌లో ఉంటే కొన్ని టీవీలు 100 మిల్లీసెకన్లు దాటి తింటాయి. గేమ్ మోడ్ పెడితే చాలా టీవీల్లో అది 20 లోపుకు దిగుతుంది. గేమ్ మోడ్ ఆ హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కదానికే వర్తించవచ్చు, పోర్టు మారిస్తే మళ్లీ పెట్టాలి. గేమ్ మోడ్ లేని టీవీలో ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చి చూడండి, కొన్నిటిలో అదే పని చేస్తుంది. పైన స్కోరు అంకెలు తెర అంచున తెగిపోతుంటే ఓవర్‌స్కాన్ ఆపండి. టీవీని బట్టి దాన్ని జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో అంటారు.

కొలవడం సులువే. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంటే, బటన్, తెర రెండూ కనపడేలా పెట్టి ఎగిరే బటన్ నొక్కుతూ వీడియో తీయండి. వేలు బటన్‌ను అడుక్కి నొక్కిన ఫ్రేమ్ నుంచి పాత్ర కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. 24 వస్తే 100 మిల్లీసెకన్లు, కొట్లాట ఆటకు అది పనికిరాదు. 16 దగ్గరికి తెస్తే హాయిగా ఆడుకోవచ్చు. ఒక్క సెట్టింగ్ మార్చి ఒక్కసారి కొలవండి. ఐదు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

టీవీ అయ్యాక రెట్రోఆర్క్. వీడియో సెట్టింగుల్లో థ్రెడెడ్ వీడియో ఆపండి. వీడియో డ్రైవర్‌గా వల్కన్ వాడుతుంటే మాక్స్ స్వాప్‌చెయిన్ ఇమేజెస్ 2కు తగ్గించండి. ఓపెన్‌జీఎల్ అయితే హార్డ్ జీపీయూ సింక్ ఆన్ చేయండి. తర్వాత లేటెన్సీ మెనూలో రన్‌ఎహెడ్. ఇది ఆటను తెర వెనక ఒకటి రెండు ఫ్రేములు ముందుకు నడిపి ఆ ఫలితాన్ని చూపిస్తుంది, ఆట లోపలి ఆలస్యం మాయమవుతుంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో ఊహించకండి. కీబోర్డు మీద పీ నొక్కి ఆట ఆపండి. ఎగిరే బటన్ నొక్కి పట్టుకుని కే కీ ఒక్కోసారి నొక్కుతూ పోండి, ఒక్కో నొక్కుకు ఒక ఫ్రేమ్ కదులుతుంది. మూడో నొక్కుకు పాత్ర కదిలిందంటే లోపలి ఆలస్యం రెండు ఫ్రేములు, రన్‌ఎహెడ్ రెండు దాకా పెట్టవచ్చు. అంతకు మించితే కదలిక మొదటి ఫ్రేములు మింగేసి పాత్రలు తుళ్లిపడతాయి. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న యంత్రాల్లో ఒకటితో ఆపండి, పని రెట్టింపవుతుంది కాబట్టి.

ఇంత చేశాక కూడా మోర్టల్ కంబాట్ కదలికలు కుంటుతుంటే కంగారు వద్దు, అది లోపం కాదు. ఆ బోర్డు సెకనుకు 54.7 ఫ్రేములు ఇస్తుంది, మీ తెర 60 అడుగుతుంది. మిగిలిన సందుల్లో కొన్ని ఫ్రేములు రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. ఆర్‌టైప్ 55. నియోజియో 59.19, పాక్‌మ్యాన్ 60.6, ఈ రెండూ దగ్గరే కాబట్టి తేడా తెలియదు. ఆట వేగానికి తగ్గట్టు తన వేగం మార్చుకునే, వీఆర్ఆర్ లేదా ఫ్రీసింక్ ఉన్న తెర అయితే రెట్రోఆర్క్‌లో సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్ ఆన్ చేయండి, కుంటు పూర్తిగా పోతుంది.

బ్లూటూత్ స్పీకరు వాడితే దెబ్బ పడ్డాక శబ్దం వస్తుంది. ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయలేదు. వైరు వాడండి.

బొమ్మ ఆకారం

స్ట్రీట్ ఫైటర్ 2, ముస్తఫా నడిచిన క్యాప్‌కామ్ బోర్డు బొమ్మ 384 అడ్డం, 224 నిలువు. లెక్కగడితే అది వెడల్పాటి బొమ్మ. కానీ అసలు యంత్రంలో 4:3 గాజు తెర మీద నొక్కిపెట్టి చూపించేవారు, చిత్రకారులు గీసిందీ ఆ నొక్కుడుకు సరిపడేలాగే. పిక్సెల్‌కు పిక్సెల్ చూపిస్తే మనుషులు లావెక్కుతారు, టీవీ అంతా నింపితే ఇంకా లావెక్కుతారు. యాస్పెక్ట్ రేషియోను కోర్ ప్రొవైడెడ్ మీద ఉంచండి, పక్కన నల్ల పట్టీలు రానివ్వండి. 1080 తెర మీద 4:3 బొమ్మ వెడల్పు 1440.

గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం కనపడుతుంటే ఇంటీజర్ స్కేల్ ఆన్ చేసి చూడండి. 224 నిలువును 1080లో నాలుగు రెట్లు చేస్తే 896, పైనా కిందా జాగా మిగులుతుంది. 4కే తెర మీద తొమ్మిది రెట్లు 2016, దాదాపు నిండుతుంది. పాత ఆటలకు 4కే టీవీ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. షేడర్ పెట్టుకుంటే సీఆర్‌టీ జియోమ్ బాగుంటుంది, రాస్ప్‌బెరీ పై మీద జెడ్‌ఫాస్ట్ సీఆర్‌టీ. తెర వంపు, మసక, మెరుపు అన్నీ ఎక్కువ పెట్టేవారిని చూస్తుంటాం. షాపులో తెరలు అంత పాడైపోయి ఉండేవి కావు.

పాక్‌మ్యాన్, గలాగా, డాంకీ కాంగ్, 1942 నిలువు తెర ఆటలు. 16:9 టీవీ మీద అవి మధ్యలో సన్నటి పట్టీలా వస్తాయి, 1080 ఎత్తుకు 810 వెడల్పు. వీటికి ఫోన్ నిలువుగా పట్టుకుంటే టీవీ కంటే హాయిగా ఉంటుంది. లేదా ఆఫీసుల్లో పారేసే 19 అంగుళాల చదరపు మానిటర్ దొరికితే పక్కకు తిప్పి నిలబెట్టి, మేమ్‌లో రొటేట్ సెట్టింగ్ మార్చండి. దానికి మించిన పాక్‌మ్యాన్ తెర లేదు.

చేతికి అందేవి

మేమ్‌లో అలవాటు కీలు: 5 అంటే నాణెం, 1 అంటే మొదటి ఆటగాడి స్టార్ట్. రెండో ఆటగాడికి 6, 2. బాణాలతో కదలిక, ఎడమ కంట్రోల్, ఆల్ట్, స్పేస్, షిఫ్ట్ బటన్లు. విండోస్‌లో షిఫ్ట్ ఐదుసార్లు గబగబా నొక్కితే స్టికీ కీస్ పెట్టె వచ్చి ఆట మీద కూర్చుంటుంది. ట్యాబ్ నొక్కి ఇన్‌పుట్ మెనూలో బటన్లను జెడ్, ఎక్స్, సీలకు మార్చేయండి. ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడొద్దు. మామూలు కీబోర్డులు కొన్ని కీలు కలిపి నొక్కితే మూడో నాలుగో కీని వదిలేస్తాయి, పోట్లాట ఆటలో కాక బయట మొదలవుతుంది.

రెట్రోఆర్క్‌లో కంట్రోలర్ సెలెక్ట్ బటనే నాణెం. ఇది తెలియక స్టార్ట్ నొక్కుతూ కూర్చునేవారు చాలామంది.

సొంతంగా ప్యానెల్ కట్టాలంటే ఒక ఆటగాడికి కావలసినవి: ఒక జాయ్‌స్టిక్, 30 మిల్లీమీటర్ల బటన్లు ఆరు, స్టార్ట్, నాణెం కోసం 24 మిల్లీమీటర్లవి రెండు, బటన్ నొక్కులను కంప్యూటర్‌కు అందించే యూఎస్‌బీ ఎన్‌కోడర్ ఒకటి, వైర్లు. వైరు చివరి క్లిప్పులు బటన్ కాళ్ల కొలతకు సరిపోవాలి. జపాన్ రకానికి 2.8 మిల్లీమీటర్లు, అమెరికన్ రకానికి 4.8. స్నాప్‌ఇన్ బటన్లు రేకు లాంటి పలచటి ప్యానెల్‌కు తయారైనవి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పెడితే వాటి రెక్కలు పట్టుకోవు, బటన్ ఊడి చేతికొస్తుంది. చెక్కకు మర బిగించే రకం కొనండి, మర పొడవు చెక్క మందానికి చాలుతుందో చూసి మరీ. బటన్ల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి 36 మిల్లీమీటర్లు ఉంచండి. ముందు అట్టముక్క మీద గీసి చెయ్యి ఆనించి చూసుకున్నాకే హోల్ సా పట్టాలి. ప్లైవుడ్‌ను మంచి వైపు నుంచి మొదలుపెట్టి సగం కోసి, తిప్పి రెండోవైపు నుంచి పూర్తిచేస్తే అంచులు చిట్లవు.

ఎన్‌కోడర్‌కు వైర్లు పెట్టడంలో తికమక లేదు. బటన్‌కు రెండు కాళ్లు, ఏది ఎటు పెట్టినా ఒకటే. జాయ్‌స్టిక్‌కు ఐదు వైర్లు, నాలుగు దిక్కులు, ఒక గ్రౌండ్. పైకి తోస్తే కిందికి పోతుంటే ఇన్‌పుట్ మెనూలో దిక్కులు మార్చుకోండి. ఇద్దరికి రెండు ఒకేలాంటి ఎన్‌కోడర్లు కొంటే విండోస్ ఒక్కోసారి మొదటి ఆటగాణ్ణి రెండోవాణ్ణి చేసేస్తుంది, రెండూ దానికి ఒకే పేరుతో కనపడతాయి కాబట్టి. ఎప్పుడూ అవే పోర్టుల్లో పెట్టడం సగం మందు. వేరే కంపెనీ ఎన్‌కోడర్ రెండోది కొనడం పూర్తి మందు.

పాక్‌మ్యాన్ మలుపుల్లో ఇరుక్కుపోతుంటే జాయ్‌స్టిక్ పాడైందనుకోకండి. ఆ ఆటకు నాలుగు దిక్కుల కర్ర కావాలి, మీది ఎనిమిది దిక్కులది. మూలకు తోసినప్పుడు రెండు స్విచ్‌లు కలిసి పడతాయి. సాన్వా జేఎల్ఎఫ్ రకంలో అడుగునున్న చదరపు గేటు విప్పి 45 డిగ్రీలు తిప్పితే నాలుగు దిక్కులది అవుతుంది. కొట్లాట ఆటలకు మళ్లీ యథాస్థానానికి.

అర్కనాయిడ్‌కు మౌస్ చక్కగా పనిచేస్తుంది. మేమ్ సెట్టింగుల్లో మౌస్ ఆన్ చేసి, ట్యాబ్ మెనూలోని అనలాగ్ భాగంలో సెన్సిటివిటీని మీ చేతికి తగ్గట్టు తగ్గించుకోండి.

ప్రాణాలు, స్కోర్లు

ఎన్ని ప్రాణాలు, ఎంత కష్టం అన్నవి పాత బోర్డుల్లో డిప్ స్విచ్‌లనే చిన్న మీటల మీద ఉండేవి. ట్యాబ్ మెనూలో అదే పేరుతో దొరుకుతాయి, మార్చాక ఎఫ్3 నొక్కి ఆటను రీసెట్ చేయాలి. ముస్తఫా, పనిషర్ తరంలో ఆ మెనూ వెతికినా ఫలితం ఉండదు. వాటి అమరికలు బోర్డు మీది చిన్న జ్ఞాపక చిప్‌లో ఉంటాయి, ఎఫ్2 నొక్కి టెస్ట్ మెనూలోకి వెళ్లి మార్చాలి.

ఈ బోర్డులకు ఇంకో జబ్బు ఉంది. డిక్రిప్షన్ కీలను పట్టి ఉంచే బ్యాటరీ అయిపోతే ఆట శాశ్వతంగా ఆగిపోయేది. చిప్‌లు బాగానే ఉన్నా బోర్డు చచ్చినట్టే. వాటిని మళ్లీ లేపే పద్ధతులు తర్వాత వచ్చాయి గానీ, పాత బోర్డు కొనేవారు బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగకుండా డబ్బులివ్వకూడదు.

పాక్‌మ్యాన్ లాంటి తొలితరం ఆటలు కరెంటు తీస్తే హైస్కోరు మరిచిపోయేవి, ఎమ్యులేటర్‌లోనూ మరిచిపోతాయి. మేమ్‌లో ప్లగిన్స్ మెనూలోకి వెళ్లి హైస్కోర్ ఆన్ చేస్తే గుర్తుంచుకుంటుంది. 256వ స్థాయికి చేరినవారికి కుడివైపు సగం తెర చిందరవందర అక్షరాలతో నిండిపోతే ఫైలు పాడైందని మళ్లీ దించుకోనక్కర్లేదు. స్థాయి లెక్క 8 బిట్లలో పట్టక పొంగిపోయే అసలు లోపమే అది, 1980 నాటి యంత్రంలోనూ అక్కడే ఆగేది.